చిక్గు ఎవరి మనిషి?

శుక్రవారం పొద్దున్న ఇపో ఊళ్లో నాసి లెమక్ అనే కొబ్బరన్నం బండి దగ్గర పొట్లాల కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మా చిక్గు వాళ్లమ్మాయి. "అక్కా, నాన్న పోయారు" అంది. ఆ మాట నాకింకా తలకెక్కకముందే రెండో మాట అడిగింది. "కాల్చాలా, పూడ్చాలా?"

ఇక్కడ మలేసియాలో బడిపంతుల్ని చిక్గు అంటారు. మలయ్ మాట. మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో చిక్గులు వీధికొకరున్నారు గానీ, మా తెలుగు ఇళ్లలో ఉత్త చిక్గు అంటే ఆయనొక్కరే. చరిత్ర చెప్పేవారు. నిద్రలోనే వెళ్లిపోయారట. పొద్దున్నే మోటార్‌బైక్ చప్పుడు వినపడకపోయేసరికి పక్కింటి చైనా ముసలాయన వచ్చి తలుపు తట్టాడట.

వస్తున్నాను, నేనొచ్చేదాకా ఎవరికీ మాటివ్వకు అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కారులో దారి పొడుగునా ఏడుపు రావాల్సింది పోయి ఆలోచనలొచ్చాయి, అవీ తలాతోకా లేనివి. ఊళ్లో అంతమంది ఉండగా ఆ ప్రశ్న నన్నే ఎందుకు అడిగింది? చిక్గు మనసు నాకు తెలుసని ఆమె నమ్మకం. చదువుకునే రోజుల్లో నేను మా ఇంట్లో కంటే వాళ్ల వరండాలోనే ఎక్కువ ఉన్నాను కాబట్టి ఊళ్లో చాలామందికీ అదే నమ్మకం. అందుకే మా తెలుగు సంఘం వాళ్లు ఈ నాలుగు మాటలూ నన్నే రాయమన్నారు. రాస్తున్నాను, తెలిసి మాత్రం కాదు.

చిక్గు పుట్టింది హుటాన్ మెలింటాంగ్ వైపు ఒక ఎస్టేట్‌లో. తాతలు శ్రీకాకుళం వైపునుంచి కూలికి వచ్చినవాళ్లు. ఆ ఇంటి పిల్లవాడు కౌలాలంపూర్ వెళ్లి, యూనివర్సిటీలో చేరి, చదవడానికి ప్రపంచంలో ఇంకేమీ దొరకనట్టు, రోమ్ సామ్రాజ్యం కూలిపోయిన తరవాతి ఐరోపాని పట్టుకున్నారు. ఫ్రాంకులు, సాక్సన్లు, మఠాల్లో సన్యాసులు, రాజుల చెవిలో బిషప్పులు. వెయ్యేళ్లకు పైబడిన సంగతులు. ఆ గడ్డమీద ఆయన ఎన్నడూ కాలు పెట్టలేదు. ఒకసారి వెళ్లి చూసి రావచ్చు కదా అంటే, "ఎల్లి ఏటి సూస్తాం? ఆ రాజులు ఉన్నారేటి అక్కడ?" అనేవారు.

సిలబస్‌లో ఆ భాగం నాలుగు పేజీలకి మించదు. ఆయనకి మాత్రం వారాలు పట్టేది. యూనివర్సిటీకి ముందు రాసే ఫారమ్ సిక్స్ పరీక్షకి కూర్చునే మా అయిదారుగురినీ సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి మలయ్‌లో చెబుతూ, నాకోసం మధ్యమధ్యలో తెలుగులోకి దిగేవారు. బైక్ హ్యాండిల్‌కి ప్లాస్టిక్ సంచిలో కాఫీ వేలాడదీసుకుని తెచ్చుకునేవారు. దాన్ని కిటికీ మేకుకి తగిలించి పాఠం మొదలెడితే, అది పూర్తిగా చల్లారేదాకా పాఠం ఆగేది కాదు. వేడి కాఫీ ఆయన తాగగా నేను చూడలేదు. మా జవాబులు పెన్సిల్‌తో దిద్దేవారు. ఎర్రసిరా ఎందుకు వాడరని అడిగితే, రేపు నాదే తప్పని తేలితే చెరపాలి కదా అన్నారు.

ఆ కాలపు గొడవలు మనకెందుకని ఒకసారి విసుక్కున్నాను. ఆయన నవ్వి, ఎస్టేట్ కథ చెప్పారు. తెల్లదొర ఉన్నన్నాళ్లూ ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలిసేదట. దొర కింద కంగాణీ అనే మేస్త్రీ, కంగాణీ పెత్తనం కింద కూలీలు. దొర ఓడెక్కి వెళ్లిపోయాడు, ఎస్టేట్ ముక్కలై అమ్ముడుపోయింది. ఆ రోజు చిక్గు తండ్రి గేటు దగ్గర నిలబడి, ఇప్పుడు నేనెవరి మనిషినని కనబడ్డవాళ్లనల్లా అడిగాడట. "రోమ్ కూడా అంతే, పిల్లా. దొరలు ఎల్లిపోనారు. ఉన్నోళ్లకి ఎవలికి దండం ఎట్టాలో తెల్దు. ఏ దేవుడికి ఎట్టాలో తెల్దు. ఆ తెలీనితనమే నీ సిలబస్సు." ఆ తరవాత ఆ నాలుగు పేజీలూ నాకు ఎప్పుడూ పరాయి దేశంగా అనిపించలేదు. ఈ రోజు నేను పిల్లలకి ట్యూషన్ చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆ సాయంత్రం పెట్టిన భిక్షే.

ఆయన ఇల్లాలు తమిళ క్రైస్తవురాలు, ఆసుపత్రిలో నర్సు. ఆయన్ని మతం మారమని ఆమె ఏనాడూ అడగలేదని కూతురు చెబుతుంది. రోజూ అడిగేదని చిక్గు చెప్పేవారు. ఏది నిజమో ఆ గోడలకే తెలియాలి. శనివారం సాయంత్రం రామమందిరంలో భజన, ఆదివారం పొద్దున్న చర్చిలో చివరి బల్ల, ఇదీ ఆయన వారం. చర్చిలో అందరూ లేచి ప్రసాదం అందుకోడానికి వెళుతుంటే కాళ్లు పక్కకి జరిపి దారిచ్చేవారు, తను లేచేవారు కాదు. మందిరంలో గొంతెత్తి పాడేవారు, హారతి పళ్లెం వచ్చే వేళకి మాత్రం గుమ్మం బయట అందరి చెప్పులూ సర్దుతూ కనబడేవారు. పులిహోర అయితే రెండోసారి అడిగి పెట్టించుకునేవారు.

మందిరంలో కుర్రాళ్లు తెలుగు భజనలు తమిళ అక్షరాల్లో రాసుకుని, అర్థం తెలియకుండానే పాడతారు. అది వింటుంటే ఆయన కళ్లు మెరిసేవి. ఆ కాలంలో పల్లెల్లో లాటిన్ ప్రార్థన అచ్చం ఇలాగే నడిచేదని, జనానికి మాట తెలియకపోయినా మోకాళ్లు వంచాల్సిన చోటు తెలిసేదని నా చెవిలో చెప్పారు. అది మెచ్చుకోలో వెక్కిరింపో నాకు అప్పుడూ అంతుపట్టలేదు, ఇప్పుడూ అంతే.

ఆయన పాఠాల్లో ఫ్రాంకుల రాజొకడుండేవాడు. భార్య క్రైస్తవురాలు. ఆమె ఎంత పోరినా వినలేదు గానీ, యుద్ధంలో ఓడిపోయేలా ఉన్నప్పుడు ఆమె దేవుడికి మొక్కుకున్నాడు. గెలిచాడు. సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్లి జ్ఞానస్నానం చేశాడు. పాఠం అయ్యాక మాలో చైనా కుర్రాడొకడు, మరి మీరెప్పుడు చిక్గు అన్నాడు. వంటింట్లోంచి ఆవిడ నవ్వు వినబడింది. ఆ రాజుకి యుద్ధం పొలిమేరలో, మనకి ఇంట్లోనే, ఇంకా తేలలేదు అన్నారాయన. పరీక్షలో నేను ఆ రాజుకి భక్తీ లేదు గిక్తీ లేదు, ఉన్నదంతా రాజకీయమేనని తెగేసి రాశాను. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "రాజు మనసులోకి నువ్వెప్పుడు దూరినావు? ఆడు ఏటి సేసినాడో అది రాయి. ఏటనుకున్నాడో ఆడికే తెల్దేమో."

ఇంకో కథ ఆయనకి ప్రాణం. ఫ్రిసియన్లనే తెగ దొర ఒకడు జ్ఞానస్నానానికి ఒప్పుకున్నాడు. ఒక కాలు నీళ్లలో పెట్టాక, మా తాతముత్తాతలు ఎక్కడున్నారని గురువుని అడిగాడు. నరకంలో అన్నాడు గురువు. అయితే నేనూ వాళ్ల దగ్గరికే పోతానని కాలు వెనక్కి తీసుకున్నాడు. ఈ కథ చెప్పాల్సి వస్తే చిక్గు బట్టలుతికే బక్కెట్టు వరండాలోకి తెచ్చి, ప్యాంటు మడిచి, కాలు అందులో పెట్టి మరీ చెప్పేవారు. ఆయన చర్చిలో లేచి వెళ్లకపోవడానికి కారణం ఇదేనని మేమంతా కనిపెట్టేశాం అనుకున్నాం. నేను ధైర్యం చేసి అడిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి అని మాత్రం అని, కాలు తీసి తుడుచుకుని, వరండా తుడిచే పని మాకు అప్పజెప్పారు.

అన్నిటికంటే నన్ను వదలని పాఠం వేరే ఉంది. సాక్సన్లు చచ్చినవాళ్లని కాల్చేవాళ్లు. ఫ్రాంకుల చక్రవర్తి వాళ్లని గెలిచి శాసనం వేశాడు. పాత ఆచారం ప్రకారం శవాన్ని కాల్చినవాడి తల తీసేస్తారు. చర్చి నేలలోనే పూడ్చాలి. చిక్గు మమ్మల్ని ఒక్కొక్కరినీ అడిగారు. నువ్వు సాక్సన్‌వి. పొద్దున్నే మీ నాన్న పోయాడు. ఊరి చివర సైనికులున్నారు. ఏం చేస్తావు? పూడుస్తాను, నాన్న క్షమిస్తాడు అన్నాడు మలయ్ కుర్రాడు. ఇవాళ పూడ్చి, సైనికులు వెళ్లాక గడ్డితో నాన్న బొమ్మ చేసి కాలుస్తాను అన్నాడు చైనా కుర్రాడు. నేను కాల్చి చస్తానన్నాను. ఆ వయసులో చావడం చాలా తేలిక. మీరైతే ఏం చేస్తారని అందరం పట్టుబట్టాం. "నాకు తెల్దు. మీకూ తెల్దనుకో, మంచిదే. అంతా తెలిసిపోనాదన్నోడితోనే నాకు బయం" అన్నారు. అని, చల్లారిన కాఫీ సంచి మేకు మీంచి తీశారు.

కాబట్టి పాఠకులారా, కారులో నేను దిక్కుతోచకుండా ఎందుకున్నానో మీకిప్పుడు తెలిసే ఉంటుంది. ఇన్నేళ్ల తరవాత ఆ ప్రశ్న ఆయన శవం పక్కన నిలబడి ఆయన కూతురే అడుగుతోంది. సైనికులు లేరు, తల తీసేవాళ్లూ లేరు. అయినా సులువు కాలేదు.

నేను వెళ్లేసరికి వరండాలో ఒక పక్క మా మందిరం పెద్ద, ఇంకో పక్క చర్చి ఫాదర్. కొట్లాడుకుంటున్నారనుకునేరు. ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుని తాగుతున్నారు. కొట్లాడుకున్నా బాగుండేది, ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోవచ్చు. మందిరం పెద్ద కూడా చిక్గు దగ్గర చదువుకున్నవాడే, నాకంటే ముందు. దహనం అనాదిగా మన ఆచారం, ఏర్పాట్లు మేమే చూస్తాం, అస్థికలు నది మొగలో కలుపుదాం అన్నాడు. ఫాదర్ చిన్నవాడు. చిక్గు జ్ఞానస్నానం తీసుకోలేదని అతనికీ తెలుసు. అయినా ముందే పోయిన భార్య సమాధి పక్కన చోటు ఖాళీగా ఉందని, దానికోసం పోయాక ఆయన్ని క్రైస్తవుణ్ని చెయ్యనక్కర్లేదని, అమ్మాయి కోరితే వచ్చి ప్రార్థన చేస్తానని అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే.

అమ్మాయి నన్ను లోపలికి లాక్కెళ్లింది. తను కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. తమిళం బాగా వచ్చు, తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే రెండూ కలిసి చివర మలయ్ వాళ్ల 'లా' తగులుతుంది.

"నాన్నకి ఏది ఇష్టమో నీకు తెలుసు కదా అక్కా."

"నీకెప్పుడూ చెప్పలేదా?" అన్నాను.

"అమ్మ పోయినప్పుడు అడిగినాను. నువ్వే సెప్పు అన్నారు. నాకు తెరియల లా."

నాకూ తెలియదన్నాను. ఆమె మొహం చూసి, అబద్ధమైనా ఏదో ఒకటి చెప్పి ఉండాల్సిందనిపించింది.

అప్పుడు హుటాన్ మెలింటాంగ్ నుంచి చిక్గు అక్కగారు వచ్చారు, మనవడి కారులో. నడుం వంగిన మనిషి. తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్లి, చెదిరిన జుట్టు అరచేత్తో దువ్వి, పక్కన కూర్చున్నారు. మందిరం పెద్ద వచ్చి సంగతంతా మర్యాదగా వివరించి, అనాదిగా వస్తున్న ఆచారం అని మళ్లీ అన్నాడు. ఆవిడ తలెత్తారు.

"ఎప్పట్నుంచి?"

అది చిక్గు మాట. ఆచారం అని ఎవరు నోరు జారినా ఎప్పట్నుంచి అనేవారు. దాన్ని యూనివర్సిటీలో నేర్చుకున్నారనుకున్నాను ఇన్నాళ్లూ.

"అయ్యని ఎస్టేట్ కాడ పూడ్సినాం. అమ్మనీ పూడ్సినాం. నా పెనిమిటినీ ఉప్పేసి పూడ్సినాం. మీ తాతని కూడా, బాబూ, అక్కడే పూడ్సినారు. టౌన్లో కరెంటు పొయ్యి వొచ్చినాక గదా కాల్చడం వొచ్చినాది."

మందిరం పెద్ద తాతని పూడ్చినచోట ఇప్పుడు పామాయిల్ చెట్లున్నాయి. ఇంకేం, తేలిపోయిందనుకున్నాం. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. కానీ ఆవిడ ఊరుకోలేదు.

"అలాగని పూడ్సమని నాను సెప్పను. కాల్చినా ఆడు నా తమ్ముడే. కూతురు సెప్పాల."

అమ్మాయి వెళ్లి తండ్రి కాళ్ల దగ్గర నిలబడింది. అమ్మ పక్కనే పెడదాం అంది. అని, మందిరం పెద్ద వైపు తిరిగి, మోసేది మీరే, పాడేదీ మీరే మామా, రానంటే మాత్రం ఒప్పుకోను అంది. అతను ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ తల ఊపాడు. ఎవరూ గెలిచినట్టు కనబడలేదు.

అలా మా భజన బృందం తాళాలు వాయించుకుంటూ చిక్గుని చర్చి శ్మశానంలోకి మోసుకెళ్లింది. గేటు దగ్గర ఫాదర్ గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది ఎవరూ అనుకోలేదు. చర్చి ఆడవాళ్లు తమిళ కీర్తన ఎత్తుకున్నారు, మావాళ్లు రాముణ్ని ఆపలేదు. రెండూ ఒకేసారి సాగాయి, ఒకదానిమీద ఒకటి పడి ఏ మాటా వినబడలేదు. మా ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. ఆవేళ అక్కగారు ముందు నడిచారు కాబట్టి అందరం వెళ్లాం. ఆవిడ కొంగులోంచి ఉప్పు తీసి గోతిలో చల్లారు. ఒకప్పుడు కాల్చి చస్తానన్న నేను మట్టి వేశాను. అప్పుడొచ్చింది ఏడుపు. మీరైతే ఏం చేస్తారని అడగడానికి ఇంక ఆయన లేరు.

తరవాత మాటలు మొదలయ్యాయి. మందిరాన్ని చిన్నబుచ్చారని కొందరు, చర్చి నేలలో తాళాలేమిటని కొందరు. అమ్మాయి రోజూ ఫోన్ చేసి తప్పు చేశానా అక్కా అని అడిగేది. నాకు తెలిస్తే కదా. ఒక్క గుర్తు చాలు, నాన్న సరే అన్నట్టు ఏదో ఒకటి కనబడితే చాలు అంది. దేవుడి మాటెత్తితే నవ్వే పిల్ల, పెద్దకర్మ నాడు సమాధి దగ్గర కాకికి అన్నం పెడదామని తనే అడిగింది.

పెట్టాం. అరిటాకులో అన్నం, పప్పు, ఆయనకిష్టమని పులిహోర. ఒక కాకి వచ్చి ఆయన భార్య సమాధి మీది శిలువ మీద వాలింది. అందరం వెనక్కి జరిగాం. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కొరత మిగిలిందని మనవాళ్ల నమ్మకం. ఆ కొరతేమిటో ఊహించి ఒక్కొక్కరూ మాటిస్తారు. అమ్మాయిని మా ఇంటి పిల్లలా చూసుకుంటామని మందిరం పెద్ద మాటిచ్చాడు. కాకి కదల్లేదు. మీ పుస్తకాలు నా దగ్గర పెట్టుకుని పిల్లలచేత చదివిస్తానని నేను మాటిచ్చాను. కాకి ముక్కు శిలువకేసి రాసుకుంది.

అమ్మాయి ముందుకొచ్చింది. "నాన్నా, అమ్మ ఒక్కతే ఉందని ఇక్కడ పెట్టినాను. వేరే ఏటీ తెరియల లా. తప్పైతే సెప్పు."

కాకి తల పక్కకి తిప్పుకుంది. ఇంతలో ఎక్కడినుంచో ఒక గోరింక వచ్చి, ఎవరినీ అడక్కుండా ఆకులో దిగి తినడం మొదలెట్టింది. మందిరం పెద్ద దాన్ని తోలడానికి చెయ్యెత్తాడు. అక్కగారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"తిననీ. ఆకలేసినాది, వొచ్చినాది."

"ఇది లెక్కలోకి వస్తదా అత్తా?" అంది అమ్మాయి.

"నాకు తెల్దు తల్లీ."

ఎవరికీ తెలియదు. జోడించిన చేతులు దించాలో, ఉంచాలో, ఇంక ఇళ్లకి వెళ్లొచ్చో కూడా తెలియక అలాగే నిలబడ్డాం. కాకి పైనుంచి చూస్తూనే ఉంది. అమ్మాయి ఆకు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గోరింక బెదరకుండా, చెదిరిన మెతుకులు ఒక్కొక్కటే దాని వైపు జరుపుతోంది.